ఈగ వాలని కళ్ళం

ఆమెను మబ్బత్త అని మొదట పిలిచింది ఎవరో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఎందుకు పిలిచారో మాత్రం కొండ మీద అందరికీ తెలుసు. కాఫీ గింజలు ఆరబోసిన రోజుల్లో ఆమెకు మనుషుల ముఖాలు కనిపించవు, మబ్బులే కనిపిస్తాయి. పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతూనే కొండ అంచు వైపు ఒకసారి చూసి, "అయ్యో అయ్యో, పట్టాలు, పట్టాలు!" అని పరుగెత్తేది. వచ్చినవాళ్ళు కూడా శుభలేఖ చంకలో పెట్టుకుని తలో కొసా పట్టుకోవలసిందే. గింజలన్నీ కప్పాక ఎండ ఫెళ్ళున కాస్తే, "మంచిదే, మీకూ పని తెలిసింది" అనేది. పొరపాటు పడ్డానని అనడం మాత్రం ఆమె నోట ఎవరూ వినలేదు.

ఆ కొండ మీద కాఫీ తోటలంటే పెద్ద ఊహలేమీ వద్దు. ఒక్కొక్కరిది ఇంటి వెనక మొదలై ఏదో బండరాయి దగ్గర ఆగిపోయే చిన్న చెక్క. ఎవరికి వారుగా అమ్ముకుంటే రోడ్డు మీద దళారీ చెప్పిందే ధర, వాడు తూచిందే తూకం. అందుకని అందరూ కలిసి సంఘం పెట్టుకున్నారు. రసాయన ఎరువు వెయ్యకూడదు, పురుగుమందు ముట్టకూడదు, ఒక్కరు తప్పు చేసినా అందరి సేంద్రియ సర్టిఫికెట్టూ పోతుంది అనే షరతుకు ఒప్పుకున్నారు. ఎవరి పళ్ళు ఎవరివో తొక్క తీసే మిషను దాకానే తెలుస్తుంది. తొట్టెలో నానబెట్టి, జిగురు పోయేదాకా కడిగి, కళ్ళంలో ఆరబోశాక అందరి గింజలూ ఒకటే కుప్ప. నీళ్ళలో పోసినప్పుడు మునిగిన పళ్ళు సంఘానికి, తేలినవి ఎవరి ఇంటికి వాళ్ళకి. సముద్రాల అవతలి వాళ్ళు కళ్ళు మూసుకుని వాసన చూసే కాఫీని పండించేవాళ్ళు పొద్దున్నే తాగేది ఆ తేలిన గింజల కషాయమే.

ఆ కళ్ళం మబ్బత్త చేతిలో ఉండేది. నడుమెత్తు వెదురు మంచెలు వరసగా ఉంటాయి. వాటి మీద గింజలు పలచగా పరిచి, గంటకోసారి అరచేతులతో తిరగెయ్యాలి. మంచు దిగకముందే కప్పాలి, పొద్దెక్కాక విప్పాలి. ఈ పనిలో ఆమెకు తన పర అనేది లేదు. ఒక ఏడు తన బుట్టలోనే పచ్చికాయలు కనిపిస్తే నలుగురిలో నేల మీద గుమ్మరించి, ఏరుకుని మళ్ళీ తెచ్చింది. మరిది బుట్టనైతే ఎన్నిసార్లు తిప్పి పంపిందో లెక్కే లేదు. "అత్త దగ్గర బంధుత్వం చెల్లదు" అని జనం అనుకునేవారు. ఆ మాట చెవిన పడితే ఆమె విననట్టు ముఖం పెట్టేది కానీ, ఆ పూట నాలుగు ముద్దలు ఎక్కువ తినేది. పేరు కూడా తిండి లాంటిదే, అలవాటు పడితే మానడం కష్టం.

ఆ మరిది సంగతి చెప్పాలి. ఆమె కాపురానికి వచ్చేనాటికి అత్తగారు లేరు. ఇంట్లో ఉన్నది మామగారు, మొగుడు, ముక్కు కారుతూ తలుపు చాటున నిలబడ్డ ఈ పిల్లాడు. తలంటి పోసింది ఆమె, అన్నం కలిపి పెట్టింది ఆమె, బడి ఎగ్గొడితే వీపు మీద ఒకటి వేసి మళ్ళీ తనే ఏడ్చింది కూడా ఆమే. వాడు పెద్దయి సన్నగా, పొడుగ్గా, ఊ అంటే భగ్గుమనేలా తయారయ్యాడు. ఊరు వాడికి అగ్గిపుల్ల అని పేరు పెట్టింది. ఎంత తొందరగా మండేవాడో అంత తొందరగా ఆరిపోయేవాడు. పొద్దున తిట్టినవాడింటికే సాయంత్రం నిచ్చెన మోసుకెళ్ళి కప్పు బాగు చేసి వచ్చేవాడు. మబ్బత్త మొగుడు నీడచెట్ల కొమ్మలు కొట్టబోయి జారిపడి పోయాక, అన్నదమ్ముల తోట మధ్య ఒక రాళ్ళ వరస పెట్టుకున్నారు. అది పేరుకే. వదిన చెట్ల పని కూడా అగ్గిపుల్లే చేసేవాడు.

మందు లేని సేద్యానికి కావలసింది చేతులు. కాఫీ చెట్టుకు ప్రాణాంతకం కాండం తొలిచే పురుగు. అది బెరడు పగుళ్ళలో గుడ్లు పెట్టకుండా ప్రతి చెట్టు మొదలునూ గోనెపట్టాతో నున్నగా రుద్దాలి. పురుగు దూరిన చెట్టును పీకి కాల్చాలి. ఒక ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదిది. అందుకే సంఘం వాళ్ళంతా కలిసి ఇవాళ ఒకరి తోటలో, రేపు ఇంకొకరి తోటలో రుద్దుకుంటూ పోయేవారు. అగ్గిపుల్ల తోట ఎండ వాలులో ఉండడం వల్ల వాడికి పురుగు బాధ ఎక్కువ. ఒకరోజు వరసకు వరస చెట్లు పీకి కాల్చి, మసి చేతులతో కళ్ళంలోకి వచ్చి అందరి ముందూ అన్నాడు:

"ఈ రుద్దుడూ పీకుడూ నావల్ల కాదు బాబూ! కిందికెళ్ళి ఓ డబ్బా మందు తెచ్చి కొట్టి పారేస్తే పీడా పోతుంది."

మబ్బత్త గింజలు తిరగేస్తూ, "నీ మాటలు మూటగట్టుకుని తోటకి పో, పని చూసుకో" అంది. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. మర్నాడు గోనెపట్టా భుజాన వేసుకుని మళ్ళీ మామూలుగానే తోటలోకి వెళ్ళాడు.

ఆ ఏడే మంచెల మీద పరిచే వలలు చిరిగిపోయాయి. కొత్త వల కొనాలంటే సంఘం దగ్గర డబ్బు చాలదు. అప్పుడు మబ్బత్తకు ఒక ఆలోచన వచ్చింది. కొండ మీద చలికి దోమలుండవని కిందివాళ్ళు అనుకుంటారు కానీ, వానలు వెళ్ళాక ఇక్కడి దోమలు మనిషిని మంచంతో సహా ఎత్తుకుపోతాయి. అందుకని ఆరోగ్య కేంద్రం వాళ్ళు ఇంటింటికీ దోమతెరలు ఇచ్చారు. కొత్తవి వచ్చాక పాతవి అటకలెక్కాయి. మబ్బత్త ఇల్లిల్లూ తిరిగి ఆ పాత తెరలన్నీ పోగేసింది. మనుషులు పడుకున్నవి కదా, మురికి ఉంటుందని వాగు దగ్గరికి మోయించి, సబ్బు పెట్టి, రాతి మీద బాది బాది ఉతికింది. నాలుగేసి మడతలు వేసి మంచెలకు బిగించి కట్టింది. గింజ జారదు, గాలి ఆడుతుంది, ఖర్చు లేదు. సంఘం పెద్ద అయితే ఆమెను మెచ్చుకుంటూ చెయ్యెత్తి ఉపన్యాసమే ఇచ్చాడు. ఆయన పేరు మైకు. ఆయన గొంతుకు మైకు అవసరం లేదు కనక ఆ పేరు వచ్చింది.

ఆ తెరల మీద గింజలు ఎంత శుభ్రంగా ఆరాయో చెప్పలేం. తడిగింజల పులుపు వాసనకు మామూలుగా ఈగలు జుమ్మని ముసురుతాయి. ఆ ఏడు ఒక్క ఈగ వాలలేదు. చీమ ఎక్కలేదు. "వదినా, ఈగలు కూడా నీకు భయపడుతున్నాయి!" అని అగ్గిపుల్ల ఏడిపించాడు. "శుభ్రంగా ఉంటే ఎందుకు వాలతాయిరా?" అని ఆమె గొప్పగా అంది. చూడటానికి వచ్చిన ప్రతివాడికీ అదే చూపించేది. ఈగ వాలని కళ్ళం అని చుట్టుపక్కల కొండల్లో కూడా పేరు పాకింది.

గింజలన్నీ బస్తాలకెక్కి, తెరలు మడతపెట్టి అటక మీదికి చేరాక, పిడుగులాంటి కబురు వచ్చింది. ల్యాబులో పరీక్ష చేస్తే గింజల్లో పురుగుమందు తేలింది. సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళ తరఫున పరీక్షల ఆయన వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. తోటలన్నీ తిరిగాడు, ఒట్టి వెదురు మంచెలు చూశాడు, మిషను చూశాడు. వెళ్ళేముందు, "ఈ మందు ఎక్కణ్ణించి వచ్చిందో మీరే కనుక్కుని చెప్పాలి. మూలం తెలిస్తే అంతవరకు తీసేసి మిగతావాళ్ళను ఉంచుతాం. తెలియకపోతే మూడేళ్ళ పాటు అందరి సర్టిఫికెట్టూ ఆగిపోతుంది" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం గింజలు ఏరే పాకలో అందరూ చేరారు. బస్తాల మీద కొందరు, నేల మీద కొందరు కూర్చున్నారు. ఇళ్ళలో ఆ ఏడు వెయ్యాల్సిన కప్పులూ, కట్టాల్సిన బడి ఫీజులూ, చేయించాల్సిన ఆపరేషన్లూ అందరి ముఖాల్లోనూ కనిపిస్తున్నాయి. భయపడ్డ మనుషులకు నిజం కన్నా ముందు ఎవరో ఒకడు కావాలి.

"చూడండి, కొట్టినవాళ్ళు ఎవరో వాళ్ళంతట వాళ్ళే చెప్తే మర్యాదగా ఉంటుంది" అన్నాడు మైకు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ మనం పట్టాలి. తప్పదు."

నాలుగు చూపులు ఒకవైపు తిరిగాయి.

"అందరూ నా వంక చూస్తారేంటి?" అని లేచాడు అగ్గిపుల్ల. "నేనేం కొట్టలేదు."

"నీ పేరెవరెత్తారయ్యా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది" అన్నాడు మిషను తిప్పేవాడు. నవ్వు లేచింది. అది మంచి నవ్వు కాదు. నవ్వు ఆగాక అతనే మళ్ళీ, "అప్పట్లో వాగులో చిన్న చేపలు వెల్లకిలా తేలాయి, గుర్తుందా? వీడి తోట వాగు పైనే కదా. మందు డబ్బా వాగులో కడక్కపోతే చేపలెందుకు చస్తాయి?" అన్నాడు.

ఆ మాటతో గుసగుసలు మొదలయ్యాయి. కళ్ళంలో వాడన్న మాట కూడా ఎవరో గుర్తు చేశారు. అగ్గిపుల్ల ఒకడి మీదికి వెళ్ళబోతే ఇద్దరు పట్టుకున్నారు. అప్పుడు మైకు మబ్బత్త వైపు తిరిగాడు.

"అత్తా, నువ్వు చెప్పు. నువ్వైతే తన పర చూడవు. మందు కొడతానని వీడు అన్నాడా లేదా?"

పాక అంతా ఆమె నోటి వంక చూసింది. వాడి చిన్నప్పటి ముఖం కళ్ళలో మెదిలింది. కానీ ఆ అలవాటైన పేరు కూడా గుర్తొచ్చింది.

"అన్నాడు. నా ముందే అన్నాడు" అంది.

"అన్నాను వదినా. కోపమొచ్చి అన్నాను" అన్నాడు వాడు, గొంతు తగ్గించి. "కొట్టానని నువ్వు నమ్ముతున్నావా?"

"నా నమ్మకంతో పనేముందిరా? మందు గింజల్లో ఉంది. అది గాల్లోంచి ఊడిపడదుగా?"

ఇక భగ్గుమంటాడని అందరూ కాచుకున్నారు. వాడు మండలేదు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని, తలుపు చప్పుడు కూడా చెయ్యకుండా వెళ్ళిపోయాడు. వాణ్ణి సంఘంలోంచి తీసేశారు. పరీక్షల ఆయనకు పేరు చెప్పారు. మిగతావాళ్ళ సర్టిఫికెట్టు నిలబడింది. వచ్చే పంటలో మళ్ళీ పరీక్ష చేస్తామని ఆయన చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం ముగ్గురు నలుగురు మబ్బత్త ఇంటికొచ్చి, "నీలాంటి మనిషిని చూడలేదత్తా" అన్నారు. ఆమె వాళ్ళకు కాఫీ ఇచ్చింది. తన గ్లాసు మాత్రం ముట్టలేదు, పొయ్యి పక్కన చల్లారిపోయింది.

మా వాడు నోటిదురుసే కానీ అబద్ధం చెప్పడు. ఈ ఒక్క మాట ఆమె ఆ రోజు అని ఉంటే పాకలో సగం మంది తగ్గి ఉండేవారు. ఆ మాట ఆమెకు తెలియనిది కాదు. వాణ్ణి పెంచిన మనిషికి తెలియక ఎవరికి తెలుస్తుంది? న్యాయంగా కనపడాలన్న తాపత్రయంలో, తెలిసిన సంగతిని నోట్లోనే మింగేసింది. ఇది చెబుతుంటే నాకు ఆమె మీద జాలి, కోపం రెండూ కలుగుతున్నాయి, ఏం చెయ్యను.

ఆ తరువాతి నెలలు రెండిళ్ళకూ బాగా జరగలేదు. తోడికోడలు గింజలు ఏరడానికి రావడం మానేసింది. దారిలో ఎదురైతే తల తిప్పుకునేది. రాళ్ళ వరసకు అటు అగ్గిపుల్ల, ఇటు మబ్బత్త, గోనెపట్టాలతో మొదళ్ళు రుద్దుకుంటూ ఉండేవారు. ఇద్దరి మధ్యా ఒక మాట లేదు. ఆమె వైపు సంఘం వాళ్ళు పదిమంది వచ్చి ఒక్క పూటలో పని ముగించి పోయేవారు. సంఘంలో లేని వాడి తోటకు ఎవరొస్తారు? వాడు పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా ఒక్కడే వంగి రుద్దేవాడు. వాడి పెళ్ళానికి నడుము పట్టేసి మంచమెక్కింది. వానలు వెనకపట్టు పట్టేసరికి వాడి వైపు చెట్లు ఒక్కొక్కటే పసుపు తిరగడం మబ్బత్తకు కనిపిస్తూనే ఉంది. రాళ్ళు దాటి వెళ్ళి ఒక చెట్టు రుద్దుదామని ఆమెకు ఎన్నోసార్లు అనిపించింది. వాడే వచ్చి వదినా అంటాడని చూసింది. వదినే వచ్చి ఒరేయ్ అంటుందని వాడు చూశాడు. పెంపకం ఎక్కడికి పోతుంది, ఇద్దరికీ ఒకటే పట్టుదల.

పళ్ళు ఎర్రబడే ముందు, కళ్ళం సిద్ధం చెయ్యడానికి మబ్బత్త అటక మీది తెరలు దింపించి మంచెలకు మళ్ళీ కడుతూ ఉంది. ఆ పూటే ఆరోగ్య కేంద్రం నర్సమ్మ కొత్త దోమతెరల మూట ఎత్తించుకుని కొండెక్కి వచ్చింది. పాక నీడలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఒక్కో ఇంటికీ ఇచ్చేటప్పుడు చెప్పే నాలుగు మాటలూ చెప్పింది.

"మంచం చుట్టూ బాగా దోపుకోండి. చంటిపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. వాగులో మాత్రం ఉతక్కండి, చేపలు చస్తాయి."

మబ్బత్త నవ్వింది. "దోమతెరకి చేపలెందుకు చస్తాయమ్మా? నీళ్ళలో ఉరేసుకునా?"

"దారంలోనే మందు ఉంటుందిగా అత్తా. దోమ వాలితే చావాలనే పెట్టారు. బట్ట మురికిలాగా ఉతికితే పోయేది కాదది."

"పాతవాటికి ఉండదుగా?"

"పాతవాటికీ ఉంటుంది. అందుకే పాతవి మా దగ్గరికి తెచ్చివ్వండని పోయినసారి గొంతు చించుకున్నాను. ఒక్కరూ ఇవ్వలేదు. ఏం చేసుకున్నారో మరి!"

మబ్బత్త చెయ్యి అప్పటికి మంచె మీద, బిగించిన తెర మీదే ఉంది. చెయ్యి తీసేసింది. వాగులో తేలిన చేపలు గుర్తొచ్చాయి. అవి తేలింది తను తెరలు ఉతికిన మర్నాడే. ఈగ వాలని మంచెలు గుర్తొచ్చాయి. శుభ్రమని ఊరంతా చూపించుకున్నది విషమన్నమాట. విషమంటే పొలంలో, వీపు మీద డబ్బాతో, ఘాటు వాసనతో ఉంటుందని అందరిలాగే ఆమె కూడా అనుకుంది. రాత్రిళ్ళు పిల్లలను పడుకోబెట్టుకునే తెల్లటి గుడ్డలో ఉంటుందని ఎవరనుకుంటారు? ఆమె అక్కడే నేల మీద చతికిలబడింది. కళ్ళు తిరిగాయేమోనని నర్సమ్మ నాడి పట్టుకుని చూసింది. "ఎండలో పనిచెయ్యకు, వయసు చూసుకో" అని చెప్పి, తరువాతి ఇంటికి మూట ఎత్తించుకుంది.

మబ్బత్త తిన్నగా మైకు ఇంటికి వెళ్ళింది. ఆయన వింటున్నంతసేపూ తలుపు వైపు చూస్తున్నాడు, బయట ఎవరన్నా ఉన్నారేమోనని.

"నెమ్మదిగా అత్తా, నెమ్మదిగా" అన్నాడు. ఆయన గొంతు తగ్గించడం ఆమె చూడడం అదే మొదలు. "ఆ తెరలు నర్సమ్మకి ఇచ్చేద్దాం. ఎలాగో తిప్పలు పడి కొత్త వల కొందాం. గండం గడిచిపోయింది కదా, మళ్ళీ ఎందుకు కెలకడం?"

"వాడి సంగతో?"

"వాడు మాత్రం కొడతానని అనలేదా?"

"వాడు అన్నాడు. మనం చేశాం" అంది మబ్బత్త. "పొద్దున్నే అందర్నీ పాకకి పిలువు. పిలవకపోతే నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్తా. తెరలు అడగడానికి తిరిగినట్టే తిరుగుతా."

మర్నాడు ఆమె పాకలో లేచి నిలబడి చెప్పింది. బతుకులో మొదటిసారి, "పొరపాటు నాది" అంది. అని, ఆ మాటతోనే ఏడ్చేసింది. ప్రతి ఇంటి తెరా ఆ మంచెల మీద ఉంది. "మా మంచం మీదిది కూడా ఇచ్చానే" అని ఒకావిడ నెమ్మదిగా అంది. చేపల సంగతి చెప్పిన మిషనువాడు తల వంచుకుని గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. చివరికి మైకే అన్నాడు, ఈసారి మామూలు గొంతుతో: పరీక్షల ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పేద్దాం, అగ్గిపుల్లను మళ్ళీ సంఘంలోకి పిలుద్దాం, కోతల ముందు అందరం వెళ్ళి వాడి తోట రుద్దేద్దాం అని. అందరూ ఒప్పుకున్నారు. "నువ్వే వెళ్ళి పిలుచుకురా అత్తా. నువ్వు పిలిస్తేనే వస్తాడు" అన్నారు.

ఆమె ఆ వయసులో కొండ మీద అంత వేగంగా ఎప్పుడూ నడవలేదు. ఏమనాలో దారంతా కూడగట్టుకుంటూ వెళ్ళింది. ముందు తిట్టనిస్తాను, తిట్టాక నా తప్పు ఒప్పుకుంటాను, ఒప్పుకున్నాక అన్నానికి రమ్మంటాను అనుకుంది. ఎన్నో నెలల తరువాత ఆమెకు ఊపిరి తేలిగ్గా ఆడింది. మబ్బు పట్టిందో లేదో కూడా చూడలేదు.

రాళ్ళ వరస దగ్గరికి వచ్చేసరికి ఘాటు వాసన ముక్కుకు తగిలింది. ఆ వెనకే చప్పుడు వినిపించింది, పంపు కొడుతున్న టకటక చప్పుడు. అగ్గిపుల్ల వీపున స్ప్రేయరు డబ్బా కట్టుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని, చెట్టు చెట్టుకూ వంగి మొదళ్ళకు మందు కొడుతున్నాడు.

ఆమెను చూసి వాడు గొట్టం కిందికి దించాడు. "అక్కడే ఉండు వదినా. గాలి అటే వస్తోంది" అన్నాడు. ఎన్నో నెలల తరువాత వాడు ఆమెతో అన్న మొదటి మాట అది.

ఆమె ఆగలేదు. రాళ్ళు దాటి వెళ్ళి, కూడగట్టుకున్నదంతా మరిచిపోయి, నోటికొచ్చిన వరసలో చెప్పేసింది. తెరలు, నర్సమ్మ, ఉతికినా పోని మందు, చేపలు, పాకలో అందరూ తలలు వంచుకోవడం, రమ్మని పిలవడం. వాడు తువ్వాలు కిందికి లాగి విన్నాడు. ముఖం బాగా పీక్కుపోయి ఉంది.

"నేను కొట్టలేదని నాకు అప్పుడే తెలుసు కదా వదినా" అన్నాడు. "నీకు తెలియాల్సింది."

"తెలుసురా. తెలిసే అనలేదు. అదే నా పాపం."

వాడు చెట్ల వరసల వంక చూశాడు. సగం వాలు తడిసి మెరుస్తోంది.

"ఒక్కణ్ణే ఎన్నని రుద్దను? నా పెళ్ళాం మంచం మీద ఉంది. పురుగు రోజుకో చెట్టు పట్టుకుంటోంది. ఎలాగూ కొట్టాడనే కదా ఊరంతా అంటోంది, కొట్టేస్తే పోలా అనిపించింది. ఇవాళ పొద్దున్నే మొదలుపెట్టాను." గొట్టం చెట్టుకు ఆనించి, "వెళ్ళి చెప్పు వదినా. ఈసారి కళ్ళారా చూశావు కూడా" అన్నాడు.

ఒక్క పూట ముందు, నిన్న మైకు ఇంటికి వెళ్ళకుండా ముందు ఇటే వచ్చి ఉంటే చాలు. ఆ ఆలోచన ఆమెను చచ్చేదాకా వదలదు. మందు పడ్డ నేల మూడేళ్ళ దాకా సంఘానికి పనికిరాదు. ఆ మాట కొత్తగా చేరిన వాళ్ళకు తనే ఎన్నిసార్లో అప్పజెప్పింది. చూడనట్టు ఊరుకోవచ్చు, ఇంకెవరూ చూడలేదు. ఊరుకుంటే ఈ పళ్ళు తన చేతుల మీదుగానే అందరి గింజల్లో కలుస్తాయి. ఈసారి తెలిసి కలిపినట్టవుతుంది.

"చెప్తాను" అంది. "దాచలేనురా. కానీ నా చెట్ల సంగతి కూడా చెప్తాను. గాలి అటే వస్తోందని నువ్వే అన్నావుగా, నావాటి మీదా పడే ఉంటుంది. ఆ మూడేళ్ళూ నేనూ బయటే ఉంటా. కళ్ళం ఇంకెవరన్నా చూసుకుంటారు. నీవీ నావీ కలిపి మనిద్దరమే రుద్దుకుందాం."

"చేతులు కాలాక ఆకులు" అన్నాడు వాడు. నవ్వబోయాడు కానీ రాలేదు.

అప్పుడు చూసింది ఆమె వాడి చేతులు. తొడుగులు లేవు. డబ్బా కారి చొక్కా వీపంతా తడిసి ఉంది, మోచేతుల దాకా మందు జారుతోంది. డబ్బా దింపించి, చిన్నప్పుడు బడికి లాక్కుపోయినట్టు భుజం పట్టుకుని తన పెరట్లోకి నడిపించింది. వాగు వైపు పారకుండా, గొట్టం పంపు పక్కన ఎత్తు నేల మీద నిలబెట్టింది. చొక్కా విప్పించి, బకెట్టు నింపి, బట్టల సబ్బు అందుకుంది. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె మోచేతి నుంచి వేలి కొసల దాకా నురగ వచ్చేలా రుద్దుతూ ఉంది. వాసన మాత్రం తగ్గడం లేదు.

"ఉతికినా పోదన్నావుగా వదినా, ఇందాక" అన్నాడు వాడు.

"పోదు. అయినా ఆ చెయ్యి కూడా ఇలా పెట్టు."